ఇఖామాలో రైతు

మొన్న సోమవారం మా వాడకట్టు ప్రైమరీ బడి టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. చేతిలో ఫైలు, ఫైలులో ఒక సర్క్యులరు. బడి ఆవరణలో కూరగాయల తోట పెట్టాలట. ఆకుకూరలు, కొత్తిమీర, పుదీనా పిల్లల చేతనే పెంచాలట. “తాతా, మీరు సౌదీల బడితోట చేసిన్రంట గదా, జెర మా పిల్లలకు వచ్చి చూపియ్యండి” అంది. తాగుతున్న చాయ్ నా గొంతుకు అడ్డం పడింది. నా భార్య వీపు మీద రెండు చరిచి, “ఆ ముచ్చట ఆయన ముంగట తియ్యకు బిడ్డా, బీపీ గోలీ ఇంక ఏసుకోలే” అంది. పాపం, ఆ పిల్ల బెదిరిపోయింది. రానని మర్యాదగానే చెప్పి పంపేశాను. ఎందుకు రానన్నానో ఆమెకు చెప్పలేదు, చెప్పడం మొదలుపెడితే ఆమె బడికి ఆలస్యమయ్యేది. మీకు తొందర లేదు కాబట్టి చెబుతాను.

సౌదీలో నేను పదమూడేళ్లు రైతును. అంతకు ముందు కాదు, ఆ తర్వాతా కాదు. మా తాతల నుంచి మాకు గుంటెడు భూమి లేదు. నాలుగో తరగతిలో బడి మానేశాను. మానేసిన సంగతి మా సారు చాలా రోజులు గమనించనే లేదంటే, ఉన్నప్పుడు నేను ఎంత వెలగబెట్టానో మీరే లెక్కేసుకోండి. ఆ తర్వాత జగిత్యాలలో, నిజామాబాదులో, బొంబాయిలో గోడలకు రంగులు వేశాను. ఏ గోడ ఎన్ని పూతలు తాగుతుందో ముట్టుకుని చెప్పగలను గాని, వంకాయ చెట్టుకు కాస్తుందా తీగకు కాస్తుందా అని అడిగితే ఒక్క నిమిషం గోడ వైపు చూసేవాణ్ణి. అలాంటి నాతో ఏజెంటు అన్నాడు: “పెయింటర్ వీసాలు అయిపోయినయి. రైతు వీసా ఉన్నది, పోతవా? ఆడ ఎవ్వడు సూడడు.” పోయాను. విమానం దిగాక తెలిసింది, నన్ను పిలిపించుకున్న కఫీల్‌కు అసలు పొలమే లేదని. నా వ్యవసాయంలాగే ఆయన పొలం కూడా కాగితం మీదే ఉండేది. ఖోబర్ పట్నంలో, అజీజియా వైపు ఆయనకో రెండంతస్తుల విల్లా ఉంటే దాన్ని మన ఇండియా వాళ్లు చిన్నపిల్లల బడికి అద్దెకు తీసుకున్నారు. కారే నల్లాలు, విరిగే బెంచీలు, పెచ్చులూడే గోడలు చూసుకోవడానికి నన్ను కూడా బడికే ఇచ్చేశాడు, విల్లాతో పాటు నీళ్ల మోటారు ఇచ్చినట్టు. ఇఖామాలో మాత్రం, అంటే అక్కడ ఎప్పుడూ జేబులో ఉండాల్సిన పర్మిట్ పుస్తకంలో, నా ఫోటో పక్కన అరబ్బీలో స్పష్టంగా రాసి ఉండేది: రైతు.

నేను వెళ్లిన ఏడాదికి కువైట్ యుద్ధం వచ్చింది. పిల్లల్ని తల్లిదండ్రులు ఇండియాకు పంపేశారు, బడి మూతపడింది, మిగిలింది ముగ్గురం. ఒకరు పెద్ద మేడమ్. హైదరాబాదు పాతబస్తీ మనిషి, బడికి హెడ్మిస్ట్రెస్. ఆమె గట్టిగా అరిస్తే సైరన్ అనుకుని మేము రెండుసార్లు కిందకు పరుగెత్తాం. రెండోది ఆయమ్మ. రాజంపేట పక్క పల్లె నుంచి మా కఫీల్ ఇంట్లో పనికి వచ్చిన మనిషి. ఆ కుటుంబం యుద్ధానికి జడిసి జెద్దా పోతూ ఆమెను బడిలో దించి పోయింది, తర్వాత ఆమె బడికే ఆయాగా ఉండిపోయింది. నాకంటే పదేళ్లు పెద్ద, అక్కా అనేవాణ్ణి. మూడోది నేను. బాంబు పడితే ఇసుక ఆపుతుందని పెద్ద మేడమ్‌కు నమ్మకం. సముద్రం ఒడ్డు నుంచి సంచులకు సంచులు ఇసుక తెప్పించి కిటికీలకు అడ్డంగా పేర్పించింది. నా నడుము పడిపోయింది, బాంబు పడలేదు. యుద్ధం ముగిశాక కువైట్ వైపు నుంచి వచ్చిన నూనెబావుల పొగకు ఆరేసిన బట్టల మీద నల్లచుక్కలు పడేవి. ఎండాకాలం గడిచి పిల్లలు తిరిగి వచ్చారు. వాళ్లతో పాటే తనిఖీలు వచ్చాయి.

మా వీధి చివర రొట్టెల దుకాణంలో ఒక మలబారు అన్న ఉండేవాడు. ఇఖామాలో డ్రైవరు, చేతిలో పిండి. లేబర్ ఆఫీసు వాళ్లు వచ్చి పుస్తకం చూశారు, పిండి చూశారు, వారం తిరక్కుండా ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇండియాకు పంపేశారు. ఆ వార్త విన్నరోజు నా ఇఖామా తీసి మళ్లీ మళ్లీ చూసుకున్నాను. ఇంటి దగ్గర మా పెద్దపిల్లను ఆ యేడే ఇంగ్లీషు బడిలో వేశాం. నాలుగో తరగతి దాటని వంశంలో ఆ పిల్ల అప్పుడే పద్యాలూ ఇంగ్లీషు పాటలూ క్యాసెట్లో రికార్డు చేసి పంపుతోంది. నేను ఎగ్జిట్ మీద ఇంటికి పోతే ఆ పిల్ల కూడా బడి నుంచి ఇంటికే వస్తుంది. మరునాడు పొద్దున్నే పెద్ద మేడమ్ నన్ను గదికి పిలిచింది. నా ఇఖామా అడిగి తీసుకుని బల్ల మీద పరిచింది.

“నీ మీద కిసాన్ అని రాసి ఉన్నది. మరి నీ చేతిల బ్రష్ ఎందుకున్నది?”

“మేడమ్, కాగితంది ఏమున్నది...”

“కాగితమే ఉన్నది రా! ఈ ముల్క్‌ల ఇంకేమున్నది? సునో, వెనక ఆంగన్‌ల తోట పెట్టు. కొత్తిమీర్, పుదీనా, మేథీ, టమాటా. పిల్లలు నేర్చుకుంటరు, నువ్వు బచాయిస్తవ్. వాళ్లు వచ్చేసరికి హరా హరా కనపడాలె.”

“మేడమ్, నాకు ఎవుసం రాదు.”

“యుద్ధమప్పుడు నాకు కూడ సంచులు పేర్చుడు రాదు. పేర్పియ్యలే?”

పేర్చింది నేను.

సరే, తోటకు మట్టి కావాలి. విల్లా వెనక ఉన్నది సిమెంటు కంటే గట్టి నేల. కిటికీల దగ్గర సంచుల్లో ఇసుక వృథాగా ఉంది కదా అని నాకు గొప్ప ఆలోచన వచ్చింది. నలభై సంచులు ఒక్కణ్ణే మోసి, పలక అంచుల్లాగా గీత తప్పకుండా నాలుగు మళ్లు కట్టాను. తరగతికి ఒక మడి. దూరం నుంచి చూస్తే కొత్తగా రంగు వేసిన గోడలాగా ముచ్చటగా ఉంది. ఆయమ్మ వచ్చి నడుము మీద చేయి పెట్టుకుని చూసింది. వంగి చిటికెడు ఇసుక తీసి నాలుక మీద వేసుకుంది. తుపుక్కున ఉమ్మింది.

“ఏంది అన్నా ఇది! మన్ను అనుకుంటివా? ఉప్పు. మామిడికాయలు కోసి ఇందులోనే ఊరేసుకో, పిలకాయలకు సంవత్సరమంతా వస్తాది.”

“నువ్వు జెర ముందుగాల చెప్పద్దా అక్కా?”

“నువ్వు రైతువి గదబ్బా. రైతుకు నేనెట్ల చెప్పేది?”

అప్పటి నుంచి ఆమె నన్ను ఉత్త అన్నా అనడం మానేసింది. “రైతన్నా” అనేది, నల్లా బాగు చేయమనడానికి కూడా.

ఆ ఇసుకను మళ్లీ సంచుల్లోకి ఎత్తి, మేకల సంత నుంచి ఎరువు, ఊరి బయట నుంచి మట్టి ట్రాలీ మీద తెచ్చాను. ఎరువు వచ్చిన రోజు రెండో అంతస్తు దాకా వాసన. ఒక తండ్రి కారు దిగకుండానే ముక్కు మూసుకుని పిల్లవాణ్ణి తిప్పి తీసుకుపోయాడు. విత్తనాలు ఆయమ్మ వంటింటి డబ్బాల్లోంచి వచ్చాయి, మెంతులు, ధనియాలు. మెంతులు మూడో రోజుకే మొలిచాయి. ధనియాలు మొలవలేదు. వారం చూశాను, పది రోజులు చూశాను. పొద్దునా సాయంత్రం మడి ముందు గొంతుక్కూర్చుని చూశాను. చివరికి ఆయమ్మ దగ్గరకే పోయి అడిగితే, “నలిపినావా?” అంది. ధనియాన్ని రెండు బద్దలుగా నలిపి చల్లాలట. ఒక్కో గింజలో ఇద్దరు ఉంటారట. నేను గుండుగుండుగా, అందంగా, వరసలో పెట్టాను. “పెండ్లిపందిట్లో కూర్చోబెట్టినట్ల పెట్టినావు, ఇంగ యా మొగంతో లేస్తాయి అవి?” అని ఆమె పడి పడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మళ్లీ చల్లాను, ఈసారి కోపంతో నలిపిన నలుపుకు సగం పిండి అయింది.

నీళ్ల సంగతి చెప్పాలి. అక్కడ నల్లా నీళ్లు ఉప్పన. తాగే నీళ్లు కొనుక్కోవాలి. అందుకని తరగతి గదుల ఏసీల నుంచి కారే నీళ్లు పెయింటు డబ్బాల్లో పట్టాను. ఖోబర్ ఉక్కపోతకు ఒక్కో ఏసీ పూటకు డబ్బా నింపేది. నా తెలివికి నేనే మురిసిపోయి పెద్ద మేడమ్‌ను తీసుకొచ్చి చూపించాను. ఆమె కూడా “వాహ్” అంది. సరిగ్గా రెండు వారాలకు చలి మొదలై, ఏసీలన్నీ ఆగిపోయాయి. తోటలు పెరిగేది చలికాలంలోనే అనీ, చలికాలంలో ఏసీలు ఉండవనీ రెండు ముక్కలూ విడివిడిగా నాకు తెలుసు. పక్కపక్కన పెట్టి చూడలేదు, అంతే. ఆ తర్వాత ఇంటికి పోయేటప్పుడు పిల్లలు తమ సీసాల్లో మిగిలిన మంచినీళ్లు గేటు దగ్గర బకెట్లో పోసిపోవాలని పెద్ద మేడమ్ హుకుం జారీ చేసింది. పోశారు. నీళ్లతో పాటు నారింజ షర్బత్తు, పాలు, ఒక రోజు పప్పుచారు కూడా పోశారు. నేను చూసుకోకుండా మడికి పోశాను. మరునాటికి ఖోబర్‌లో ఉన్న చీమలన్నీ మా బడిలో చేరాయి, అడ్మిషన్ లేకుండా.

ఇక పిల్లలు. పిల్లల్ని ప్రేమించని మనిషి ఉండడంటారు. అలా అనేవాళ్లు బడితోట పెట్టి చూడాలి. ఒకటో తరగతి వాళ్లు రోజూ పొద్దున మొలకల్ని పీకి వేరు వచ్చిందో లేదో చూసి, మళ్లీ అక్కడే గుచ్చేవాళ్లు, కొన్నిసార్లు తలకిందులుగా. “అంకుల్, అది బతికే ఉందా అని చూసినా” అనేవాడొకడు. చూసే ముందు దాకా బతికే ఉండేది. మూడో తరగతి వాళ్లు టమాటా మొక్కలకు పేర్లు పెట్టి, ఒకరి మొక్క పొడుగైతే ఇంకొకరు దాని కొస తుంచేవాళ్లు. నేను అరిచేవాణ్ణి. నా అరుపు వాళ్లకు ఎంత నచ్చిందంటే, అరవని రోజున వచ్చి “అంకుల్, ఒంట్లో బాగాలేదా?” అని అడిగేవాళ్లు. ఇంత జరిగినా, చాలని రోజుల్లో ఉప్పు నల్లా నీళ్లే పోసినా, అది ఎట్లా జరిగిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు గాని, డిసెంబరు చివరికి నాలుగు మళ్లూ పచ్చబడ్డాయి. మెంతికూర జానెడు లేచింది. కొత్తిమీర వాసన ఆఫీసు గది దాకా వచ్చేది. పుదీనా కొమ్మలు బకాలాలో, అంటే అక్కడి కిరాణా కొట్లో, కొన్న కట్టలోంచి తీసి గుచ్చినవే, పాకి అంచులు దాటాయి. రేపు తనిఖీకి వస్తున్నారని పెద్ద మేడమ్‌కు ఫోను వచ్చిన రోజు, “రానీ, ఎంతమంది వస్తరో రానీ” అని ఆయమ్మ దగ్గర కాలరు ఎగరేశాను.

ఆ మధ్యాహ్నం నేను పైకప్పు మీద నీళ్ల ట్యాంకు కడుగుతున్నాను. కింద పిల్లల గోల వినిపించింది. గోల రోజూ ఉండేదే, పట్టించుకోలేదు. గంట తర్వాత దిగి వెనక్కి వెళితే నాలుగు మళ్లు బోసిగా ఉన్నాయి. ఒక్క ఆకు లేదు. మేకలమంద పడ్డా మొదళ్లు మిగులుతాయి, ఇక్కడ మొదళ్లు కూడా లేవు, గుంటలున్నాయి. రెండో తరగతి టీచరమ్మ ఎదురొచ్చింది. కాకినాడ అమ్మాయి, కొత్తగా చేరింది, చేతిలో సుద్దముక్క.

“ఏమైందండీ, అలా నిలబడిపోయారు?”

“తోట యాడికి పోయింది టీచరమ్మా?”

“ఓ, అదా! ఈవేళ సైన్సులో తల్లివేరు, పీచువేరు పాఠమండీ. ఒక్కొక్కళ్లు ఒక్కో మొక్క వేరుతో సహా తీసి నోటుబుక్కులో అతికించాలి కదండీ. మిగతా తరగతుల వాళ్లు కూడా మాకూ అన్నారండీ. పిల్లలు ఎంత సంతోషపడ్డారనుకున్నారు! బాగా పెంచారండీ, వేళ్లు చక్కగా వచ్చాయి.”

మడి గట్టు మీద కూర్చున్నాను. ఆయమ్మ వచ్చి పక్కన కూర్చుంది, ఆ ఒక్కసారి రైతన్నా అనలేదు. “మీ పెద్దపాప పాట వచ్చిందే మొన్న, ఆ క్యాసెట్టు ఇంగోసారి పెట్టు, విందాం” అంది. పెట్టలేదు. పెట్టి ఉంటే ఏడ్చేవాణ్ణి.

మరునాడు పొద్దున తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, పాదాల దాకా తెల్లటి తోబు, చేతిలో నా కాగితాలు. ఖోబర్ దుకాణాల మధ్య పెరిగినవాడు కాబట్టి అరబ్బీ, ఉర్దూ కలిపి మాట్లాడేవాడు. నేను ఉర్దూ, అరబ్బీ, చేతులూ కలిపి మాట్లాడేవాణ్ణి. కాబట్టి ఇద్దరికీ పేచీ రాలేదు. పెద్ద మేడమ్ పక్కన నిలబడి ఉంది, మొదటిసారి ఆమె గొంతు చిన్నగా వినిపించింది. ఇన్‌స్పెక్టరు బోసి మళ్లు చూశాడు, నన్ను చూశాడు, నా గోళ్ల కింద తెల్లటి పెయింటు చూశాడు.

“నువ్వు రైతువా?”

“అవును.”

“పంట ఏది?”

టీచరమ్మ పరుగున నోటుబుక్కులు తెచ్చింది. పేజీ పేజీకి నా మెంతికూర, నా కొత్తిమీర, వాడిపోయి అతుక్కుని ఉన్నాయి. ఆయన నాలుగు పేజీలు తిప్పి మూసేశాడు. “ఇవి బకాలాలో కట్టలు కట్టలు దొరుకుతాయి” అన్నాడు. నిజమే, దొరుకుతాయి. కలం తీశాడు. ఆ కలం కాగితం వైపు దిగింది. బతిమాలాలని నోరు తెరిచాను, బతిమాలుడు రాలేదు. కోపం వచ్చింది.

“రాసుకో సాబ్, రాసుకో!” అన్నాను. “బకాలాల దొరుకుతదా? బకాలావోడు గీ పోరగాండ్లతోని ఏగుతడా? నలభై సంచులు ఉప్పు ఉస్కె మోసిన, మళ్ల ఎత్తి పారవోసిన! ధనియాలు మొలవయ్! ఏసీ నీళ్లు పట్టిన, చలి వచ్చె! సీసాల నీళ్లు పట్టిన, షర్బత్ పోసిరి, చీమలు వచ్చె! చీమలు పోతే పావురాలు వచ్చె! ఉప్పు నీళ్లు పోస్తే తెల్లారికి గట్టు మీద తెల్లగ సున్నం ఏసినట్టు లేస్తది, ఆకు కొసలు మాడిపోతయ్, ఎంత కడిగినా పోదు! రోజు పొద్దుగాల పోరగాండ్లు పీకి చూస్తరు! అన్నిటిని దాటుకొని పచ్చగైతే, తల్లివేరంట, పీచువేరంట, మొత్తం పీకిరి! నిన్న, సాబ్! నిన్న! మీరు ఇయ్యాల వస్తున్నరని తెలిసి నిన్న!” ఇందులో సగం తెలుగే. ఎవరికి అర్థమైందో తెలియదు. మెంతి ఎంత ఎత్తు లేచిందో చేత్తో చూపించాను, ఒకటో తరగతి వాళ్లు ఎట్లా పీకుతారో వంగి చూపించాను, పావురం నడక కూడా నడిచి చూపించాను. పెద్ద మేడమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భయమో నవ్వో తెలియలేదు.

ఇన్‌స్పెక్టరు కలం గాల్లోనే ఆగిపోయి ఉంది. ఆయన ఒక్క ప్రశ్న అడిగాడు: “ఉప్పు గట్టు మీద ఏ వైపు తేలుతుంది?”

“పైన. నెత్తి మీద. అక్కడ పెట్టిందల్లా సస్తది.”

ఆయన చెప్పులు విడిచి మడిలోకి దిగాడు. కాలి వేలితో గట్టు వాలు మీద ఒక గీత గీశాడు. “నెత్తి మీద పెట్టకు. ఇక్కడ, వాలు మీద పెట్టు. ఉప్పు పైకి ఎక్కిపోతుంది, మొక్క పక్కన బతుకుతుంది” అన్నాడు. తర్వాత పెద్ద మేడమ్ వైపు తిరిగి చెప్పాడు: “మా నాయన హసాలో ఖర్జూరం తోట చేశాడు. నీళ్లను తిట్టేవాడు, పిట్టల్ని తిట్టేవాడు, మమ్మల్ని తిట్టేవాడు, పంట బాగా వచ్చిన యేడు ధరను తిట్టేవాడు. ఆకులు ఎవడైనా కొని తేవచ్చు. ఈ తిట్లు కొంటే దొరకవు. ఇతను రైతే.” రాశాడు, కాగితం మడిచాడు. పోతూ గేటు దగ్గర ఆగి నాకు వేలు చూపించాడు. “మూడు నెలలకు మళ్లీ వస్తాను. వాలు మీద మెంతికూర నాకు కనపడాలి.”

ఆయన కారు మలుపు తిరిగాక నేను మడిలో కూలబడ్డాను. ఆయమ్మ చీపురు పక్కన పడేసి చెంగుతో కళ్లు తుడుచుకుంటూ, “అయిపాయ రైతన్నా. సర్కారే ఒప్పుకొనె, ఇంగ నువ్వు యాడికీ తప్పించుకోలేవు” అంది.

నిజంగానే తప్పించుకోలేకపోయాను. మూడు నెలలకు వస్తాడని వాలు మీద మెంతులు చల్లాను, వచ్చాయి, ఆయన రాలేదు. ఎండాకాలం తర్వాత వస్తాడేమోనని మళ్లీ చల్లాను. ఆ యేడూ పిల్లలు పీకారు, ఆ యేడూ నేను అరిచాను. పీకిన పిల్లలు పై బళ్లకు పోయారు, వాళ్ల తమ్ముళ్లు వచ్చి పీకారు. ఆయమ్మ ఎగ్జిట్ మీద రాజంపేట పోయింది, పెద్ద మేడమ్ హైదరాబాదు పోయింది. మా పెద్దపిల్ల పదో తరగతి దాటింది. నేను ప్రతి చలికాలం విత్తాను. మొదటి కొన్నేళ్లు కారు చప్పుడైతే గేటు వైపు చూస్తూ భయంతో విత్తానని నాకు బాగా గుర్తుంది. చివరి కొన్నేళ్లు గేటు వైపు చూడటమే మరిచిపోయానని కూడా గుర్తుంది. మధ్యలో ఏదో ఒక పొద్దున భయం పోయి ఉంటుంది. ఆ పొద్దున కూడా నేను అరుస్తూనే ఉండి ఉంటాను, అందుకే భయం పోయిన చప్పుడు నాకు వినపడలేదు.